స్టాక్ ఫొటోల రాబడి: నెల్లూరు, ఒంగోలు కెమెరాలకు గిట్టేదెంత?

ఆషాఢం వచ్చినా, మూఢం పట్టినా నెల్లూరు ట్రంకు రోడ్డు మొదలు ఒంగోలు కర్నూలు రోడ్డు దాకా పెళ్లి కెమెరాలన్నీ బీరువా ఎక్కుతాయి. లక్షలు పోసి కొన్న బాడీలు, లెన్సులు ఊరికే కూర్చుంటాయి. వాటి మీద తెచ్చిన అప్పు వాయిదాలు మాత్రం కూర్చోవు. సరిగ్గా ఆ రోజుల్లోనే ఎవరో ఒకరు స్టాక్ ఫొటోల సంగతి, అంటే కంపెనీలు, పత్రికలు డబ్బు కట్టి వాడుకునేలా సైట్లలో పెట్టే ఫొటోల సంగతి ఎత్తుతారు. ఒకసారి అప్‌లోడ్ చేస్తే చాలట, పడుకున్నా డాలర్లు వస్తాయట అని. ఆ మాటలో సగం నిజమే. ఒకసారి పెట్టిన ఫొటో ఏళ్ల తరబడి అమ్ముడుపోవచ్చు. ఒక్కో అమ్మకానికి చేతికొచ్చేది తొమ్మిది రూపాయలా, ముప్ఫై రూపాయలా అన్న లెక్క తెలియకుండా దిగినవాళ్లు మాత్రం రెండొందల ఫొటోలు పెట్టి, ఆరు నెలలు ఎదురుచూసి, చివరికి పాస్‌వర్డ్ కూడా మర్చిపోతారు.

కాబట్టి ముందు లెక్క.

స్టాక్ సైటు ఫొటోను అమ్మదు, వాడుకునే హక్కును, అంటే లైసెన్సును ఇస్తుంది. అదే ఫొటోను ఇవాళ ఒకరు, రేపు ఇంకొకరు తీసుకోవచ్చు. తీసుకునేవాళ్లలో ఎక్కువమంది నెలవారీ చందా కట్టే కంపెనీలు, డిజైన్ ఆఫీసులు. నెలకు వందల ఫొటోలు దింపుకునే ప్యాకేజీలో ఒక్కో ఫొటో వాళ్లకు కారుచవకగా పడుతుంది. ఫొటోగ్రాఫర్ వాటా ఆ చవక ధరలోంచే తెగుతుంది. అడోబ్ స్టాక్ అనే సైటు ఫొటోకు 33 శాతం, వీడియోకు 35 శాతం ఇస్తుంది. చందాదారు దింపుకున్న ఫొటోకు కనీసం 33 సెంట్లు. షటర్‌స్టాక్ అనే ఇంకో సైటులో 2020 జూన్ దాకా జీవితకాలపు సంపాదనను బట్టి రేటు పెరిగేది. ఆ నెల నుంచి పద్ధతి మారింది: ఏడాదిలో పోయిన లైసెన్సుల సంఖ్యను బట్టి 15 నుంచి 40 శాతం దాకా ఆరు మెట్లు. మొదటి 100 లైసెన్సులకు 15 శాతం, 250 దాటాక 25, 500 దాటాక 30. జనవరి 1 రాగానే ఎంతటివాడైనా మళ్లీ మొదటి మెట్టుకే. అక్కడ కనీస రేటు 10 సెంట్లు. కొత్త ఖాతాలో ఎక్కువగా కనిపించే అంకె కూడా అదే. గెట్టీ అనే ఫొటో కంపెనీ సొంతమైన ఐస్టాక్, తమకే ఇస్తామని ఒప్పందం రాయనివారికి ఫొటోపై 15 శాతం ఇస్తుంది. బ్రిటన్‌కు చెందిన అలమీ తీరు వేరు. అమ్మకాలు అరుదు, పడితే ఒక్కొక్కటీ డాలర్లలో ఉంటుంది.

డాలరును 85 రూపాయలుగా వేసుకుంటే 10 సెంట్లు ఎనిమిదిన్నర రూపాయలు, 33 సెంట్లు 28 రూపాయలు. అడోబ్‌లో డబ్బు బయటికి తీయాలంటే ఖాతాలో 25 డాలర్లు ఉండాలి. కనీస రేటులో అది 76 డౌన్‌లోడ్లు. ఐస్టాక్‌లో ఆ గీత 100 డాలర్ల దగ్గర ఉంది. చిన్న ఖాతాను ఎనిమిది సైట్లలో పరిస్తే ప్రతిచోటా కాసిని డాలర్లు ఇరుక్కుపోయి ఎక్కడా చేతికి రావు. మొదటి ఏడాదికి అడోబ్, షటర్‌స్టాక్ చాలు. వార్తా తరహా ఫొటోలు తీసేవారు అలమీ కూడా కలుపుకోవచ్చు.

ఇప్పుడు ఖర్చు వైపు. ఒంగోలు నుంచి చీమకుర్తి వెళ్లి రావడానికి పెట్రోలు, టీలు కలిపి 300 అనుకుందాం. రోజు కూలి కింద 1,500 వేసుకుందాం. మొత్తం 1,800. ఆ రోజు పని నుంచి సైటుకు ఎక్కేవి ఆరు ఫొటోలైతే, ఆ ఆరూ కలిసి 28 రూపాయల చొప్పున 65 సార్లు అమ్ముడుపోవాలి. అప్పటికి అసలు వస్తుంది. అరుదైన వస్తువైతే రెండు మూడేళ్లలో అది జరిగే పనే. మైపాడు బీచిలో సూర్యోదయమైతే ఎన్నేళ్లయినా జరగదు, ఎందుకంటే ప్రపంచంలో సముద్రం ఉన్న ప్రతి ఊళ్లోనూ సూర్యుడు ఉదయిస్తాడు, అక్కడో ఫొటోగ్రాఫరు కూడా ఉంటాడు.

పెళ్లి ఆల్బం సంగతి

హార్డు డిస్కులో పదేళ్ల పెళ్లిళ్లున్నాయి, వాటినే పెట్టేద్దాం అన్నది అందరికీ వచ్చే మొదటి ఆలోచన. పెట్టకూడదు. మన కాపీరైట్ చట్టం, 1957లోని 17వ సెక్షను ప్రకారం డబ్బు తీసుకుని ఒకరి కోరిక మీద తీసిన ఫొటోకు మొదటి హక్కుదారు తీయించుకున్నవారే. వేరేగా ఒప్పందం రాసుకుంటే తప్ప ఆ ఫొటో స్టూడియోది కాదు. దానికి తోడు ఫొటోలో పోల్చుకోగలిగిన ప్రతి మనిషి నుంచీ సంతకంతో అంగీకారపత్రం ఉండాలి. పందిట్లో నూరుమంది ఉంటే నూరు పత్రాలు. పెళ్లి తరహా ఫొటోలే కావాలనుకుంటే, తెలిసిన ఇద్దరిని కూర్చోబెట్టి తలంబ్రాల పళ్లెం, గోరింటాకు చేతులు, అరటిబోదెల పందిరి విడిగా తీసుకోవాలి. చేతులు మాత్రమే కనిపించే ఫొటోలకు ఇబ్బంది తక్కువ. పచ్చబొట్టు ఉంటే మళ్లీ పత్రం కావాల్సిందే.

ఏఐ వచ్చాక మిగిలింది ఏమిటి

2022 ఈ వ్యాపారాన్ని రెండుగా చీల్చింది. ఆ సెప్టెంబరులో గెట్టీ ఏఐ బొమ్మలను తీసుకోబోమంది. అక్టోబరులో షటర్‌స్టాక్ ఓపెన్‌ఏఐతో కలిసి తన సైటులోనే బొమ్మలు పుట్టించే ఏర్పాటు ప్రకటించింది. అడోబ్ ఏఐ బొమ్మలను ఆ గుర్తుతో పెట్టనిచ్చింది. 2023 మార్చిలో తన దగ్గరున్న స్టాక్ ఫొటోలతో శిక్షణ ఇచ్చిన, బొమ్మలు పుట్టించే ఏఐ ఫైర్‌ఫ్లైని తెచ్చింది. 2025 జనవరిలో గెట్టీ, షటర్‌స్టాక్ విలీనమవుతామని ప్రకటించాయి. కొనేవాడి ముందు దుకాణాలు తగ్గినకొద్దీ ధర చెప్పేది ఎవరో వేరే చెప్పనక్కర్లేదు.

కరచాలనం చేసుకునే ఆఫీసు మనుషులు, లాప్‌టాప్ పక్కన కాఫీ కప్పు, చిరునవ్వు డాక్టరు: ఇవి ఏఐ పాలయ్యాయి. కానీ వనామీ రొయ్యల గుంటలో నీళ్లు చిలికి గాలి కలిపే ఏరియేటరు ఎలా ఉంటుందో, మేత చూసుకునే చెక్ ట్రే ఎలా ఎత్తుతారో, పొగాకు ఆరబెట్టే బ్యారన్‌లో ఆకు కర్రలు ఎలా వేలాడతాయో ఏఐని అడిగితే అందమైన అబద్ధం గీస్తుంది. ఏరియేటరు రెక్కలు గాలిమర రెక్కల్లా వస్తాయి, రొయ్యకు కాళ్లు ఎక్కువవుతాయి. మేత కంపెనీ కరపత్రంలో ఆ బొమ్మ పడితే రైతు నవ్వుతాడు. నెల్లూరు, ప్రకాశం కెమెరాలకు మిగిలిన చోటు అదే: తెలిసినవాడి కంటికి తప్పు కనిపించే వస్తువులు.

గుంట గట్టు మీద

కోవూరు, ఇందుకూరుపేట, విడవలూరు వైపు గుంటల్లో ఎక్కువగా పెరిగేది వనామీ. బతికున్న వనామీ సగం పారదర్శకంగా, బూడిద తెలుపులో ఉంటుంది. లోపల మేత నిండిన పేగు నల్లని గీతలా కనిపిస్తుంది. ఆ గీత స్పష్టంగా పడిన ఫొటోకే విలువ, ఎందుకంటే మేత తయారీదారుకూ, వ్యాధుల మీద వ్యాసం వేసే పత్రికకూ కావాల్సింది ఆరోగ్యంగా ఉన్న రొయ్య. ఐసు పెట్టెలో రెండు గంటలున్న రొయ్యను తీస్తే ఒళ్లు పాలిపోయి, పేగు మసకేసి ఉంటుంది. చేపల మార్కెట్టు ఫొటోగా పనికొస్తుంది, సాగు ఫొటోగా పనికిరాదు.

పొద్దున ఆరు నుంచి ఏడున్నర మధ్య, మేత మిగిలిందా లేదా అని చెక్ ట్రే ఎత్తే వేళకు వెళ్లాలి. ట్రే నీళ్లలోంచి లేచిన మూడు నాలుగు సెకన్లలోనే రొయ్యలు ఎగురుతాయి. షట్టరు సెకనులో 1000వ వంతు, అపెర్చరు 5.6, ఐఎస్ఓ 400 దగ్గర మొదలుపెట్టి, ఫోకస్ ట్రే అంచు మీద ముందే పెట్టుకోవాలి. సూర్యుడు పక్కవాటుగా ఉంటే పెంకు మీద తెల్లటి మెరుపు పడి లోపలి గీత కనిపించకుండా పోతుంది. పోలరైజర్ ఫిల్టరును పావు చుట్టు తిప్పితే మెరుపు తగ్గుతుంది. విసురు వలతో కొన్ని రొయ్యలు పట్టి ఎదుగుదల చూసే సాంప్లింగ్ రోజు ఇంకా మంచిది: వల గుండ్రంగా విచ్చుకున్న క్షణం, తూకం, కౌంటు (కిలోకు ఎన్ని రొయ్యలో) రాసుకునే చెయ్యి, అన్నీ ఒకే గంటలో దొరుకుతాయి. ఏరియేటరు మాత్రం ఫొటోకన్నా వీడియోకు బాగుంటుంది. ట్రైపాడ్ మీద, సెకనుకు 25 ఫ్రేములు, షట్టరు 50వ వంతు, 4కె, 15 నుంచి 20 సెకన్ల క్లిప్పు. సైట్లు 5 సెకన్ల కన్నా చిన్నవి, 60 సెకన్ల కన్నా పెద్దవి తీసుకోవు.

గుంట యజమాని కెమెరాను చూసి ముఖం చిట్లిస్తే తప్పు పట్టలేం. తెల్ల మచ్చ వైరస్ ఒక గుంట నుంచి ఇంకో గుంటకు నీళ్లతో, వలతో, చెప్పుల బురదతో కూడా పాకుతుందని అతని భయం. ఒకే రోజు రెండు మూడు గుంటలు తిరగకపోవడం, పర్మాంగనేట్ నీళ్లలో కాళ్లు ముంచాకే గట్టెక్కడం, ట్రైపాడ్ కాళ్లను కూడా కడగడం అతని లాభానికి సంబంధించిన మర్యాదలు. జబ్బు పడిన రొయ్య ఫొటోకు గిరాకీ ఉంది. ల్యాబ్ పరీక్ష లేకుండా ఫలానా జబ్బని రాస్తే మాత్రం అది తప్పుడు సమాచారంగా ప్రపంచమంతా తిరుగుతుంది. మేత బస్తాల మీద, మోటార్ల మీద కంపెనీ ముద్రలు పడకుండా చూసుకోవాలి. బస్తాను వెనక్కి తిప్పితే అయిపోయే పనికి, ఇంటికొచ్చి ఫొటోషాప్‌లో గంట కూర్చోవడం దేనికి?

చీమకుర్తి నల్లరాయి

గెలాక్సీ గ్రానైట్ పలక చూడటానికి తేలిక, తీయడానికి మహా మొండిది. నల్లని నునుపు మీద బంగారు చుక్కలు బ్రాంజైట్ అనే ఖనిజం మెరుపు. పాలిష్ పలక అద్దంతో సమానం: ఆకాశం, షెడ్డు, ఫొటోగ్రాఫరు, అతని చొక్కా రంగు, అన్నీ అందులో కనిపిస్తాయి. మబ్బు వెలుతురులో తీస్తే నలుపు బూడిదగా మారుతుంది. నేరుగా ఎండలో తీస్తే నాలుగు చుక్కలు పేలిపోయి మిగతావి చచ్చుబడతాయి.

కుదిరే పద్ధతి ఇది. పాలిష్ యూనిట్‌లో అడుగున్నర, రెండడుగుల నమూనా ముక్కను అడిగి నేల మీద పరచాలి. తడి గుడ్డతో తుడిచి, వెంటనే పొడి గుడ్డతో తుడవాలి. గాలికి ఆరనిస్తే నీటి మచ్చ మిగులుతుంది. కెమెరా నిట్టనిలువుగా పైన, ట్రైపాడ్ మీద. కెమెరాకు నల్ల గుడ్డ కప్పి లెన్సు మాత్రమే బయటికి రావాలి. రెండు వైపులా రెండు ఎల్ఈడీ లైట్లు, 45 డిగ్రీల వాలులో. ఐఎస్ఓ 100, అపెర్చరు 8, రంగు సరిచూసుకోవడానికి ముందు గ్రే కార్డుతో ఒక షాటు. ఇక్కడ పోలరైజర్ వాడితే పైమెరుపుతో పాటు చుక్కల మెరుపు కూడా చావొచ్చు, చూసుకుంటూ తిప్పాలి. 100 శాతం పెద్దది చేసి చూసినప్పుడు మూలల్లో కూడా చుక్కలు సూదిమొనల్లా ఉండాలి. ఈ ఫొటోను కొనేది గోడకు తగిలించుకునేవాడు కాదు. వంటగది బల్ల నమూనా గీసే ఇంటీరియర్ డిజైనరు, కంప్యూటర్లో ఇల్లు కట్టి చూపించేవాడు. అతనికి కావాల్సింది వంకర లేని, నీడ లేని, ఒక అంచు నుంచి ఇంకో అంచు దాకా ఒకే వెలుతురున్న రాయి. క్వారీ గొయ్యిలోకి మాత్రం యాజమాన్యం రాతపూర్వక అనుమతి, హెల్మెట్ లేకుండా దిగకూడదు.

పేరు పెట్టడంలోనే సగం రాబడి

ఫొటో ఎంత బాగున్నా వెతికేవాడు కొట్టే మాట దాని కింద లేకపోతే అది లేనట్టే. శీర్షిక, కీవర్డులు ఇంగ్లిషులో పెట్టాలి. అడోబ్‌లో 49 దాకా, షటర్‌స్టాక్‌లో 50 దాకా కీవర్డులు ఇవ్వొచ్చు. అడోబ్‌లో మొదటి పదింటికే బరువెక్కువ, అందుకే ముఖ్యమైనవి ముందు. యాభై నింపాలని లేదు. పాతిక సరైనవి చాలు. ‘అందం’, ‘ప్రకృతి’ లాంటివి జొప్పిస్తే ఫొటో తప్పుడు వెతుకులాటల్లో కనిపిస్తుంది, ఎవరూ నొక్కరు, క్రమంగా అడుగుకు పోతుంది.

మన సరుకులో మూడు చిక్కులున్నాయి. రొయ్యను అమెరికావాళ్లు ష్రింప్ అంటారు, బ్రిటన్, ఆస్ట్రేలియాల్లో ప్రాన్ అంటారు. రెండూ ఉండాలి, లిటోపీనియస్ వనామీ అన్న శాస్త్రీయనామం కూడా ఉండాలి. పొదలకూరు, గూడూరు యార్డుల్లో కుప్పలు పోసే నిమ్మను మనం ఇంగ్లిషులో లెమన్ అంటాం, కానీ బయటి లెక్కలో అది లైమ్. లెమన్ అని మాత్రమే పెడితే పెద్ద పసుపు పండు కోసం వచ్చినవాడు చూసి వెళ్లిపోతాడు. మూడోది ఒంగోలు గిత్త. ఇక్కడి నుంచి ఓడలెక్కి వెళ్లిన పశువుల సంతతే బ్రెజిల్‌లో నెలోర్ జాతి; ఆ పేరు మన నెల్లూరుదే, ఒక ఎల్ రాలిపోయింది. శీర్షికలో ఒంగోలు అనే రాసి, కీవర్డుల్లో జెబూ (మోపురం ఉన్న పశువులకు ఇంగ్లిషు పేరు), నెలోర్ చేరిస్తే లాటిన్ అమెరికాలో వెతికేవాడి కంట కూడా పడుతుంది. ముక్కుతాడు, మోపురం, గంగడోలు స్పష్టంగా పడేలా పక్కవాటున, దూడ ఎత్తుకు కెమెరా దించి తీసిన గిత్త ఫొటోకు అవసరం ఎప్పుడూ ఉంటుంది.

ఈ వివరాలన్నీ ప్రతి సైటులోనూ మళ్లీ మళ్లీ కొట్టకుండా, లైట్‌రూమ్ సాఫ్ట్‌వేర్‌లోనో, ఉచితంగా దొరికే డిజీక్యామ్‌లోనో ఫొటో ఫైలులోకే ఎక్కించేస్తే ఎక్కడ అప్‌లోడ్ చేసినా అవే వచ్చేస్తాయి.

మనుషులు, జాతరలు

వ్యాపార ప్రకటనకు వాడుకోనిచ్చే ఫొటోలో పోల్చదగిన మనిషి ఉంటే అంగీకారపత్రం తప్పనిసరి. పేరు, పుట్టినతేదీ, చిరునామా, సంతకం, సాక్షి సంతకం. పద్దెనిమిదేళ్లు నిండనివారికి తల్లిదండ్రుల సంతకం. పత్రం ఇంగ్లిషులో ఉంటుంది కాబట్టి నాట్లేసే కూలీకి, వల లాగే జాలరికి తెలుగులో నోటితో చెప్పి తీరాలి: ఈ ముఖం రేపు ఏ బ్యాంకు ప్రకటనలోనో రావొచ్చు అని. విన్నాక వద్దన్నవారిని బలవంతపెట్టకూడదు, ఒప్పుకున్నవారికి రోజు కూలి ఇవ్వడం న్యాయం.

పత్రాలు సాధ్యం కాని చోట ఎడిటోరియల్ దారి ఉంది. బారాషహీద్ దర్గా దగ్గర రొట్టెల పండుగ, పొగాకు వేలం, పెన్నా వరద: ఇవి వార్తలకు, పుస్తకాలకు మాత్రమే వాడాలన్న షరతుతో షటర్‌స్టాక్, అలమీ తీసుకుంటాయి. అడోబ్ మామూలు ఖాతాల నుంచి వార్తా ఘటనలను తీసుకోదు. ఎడిటోరియల్‌కు వ్యాఖ్య పద్ధతిగా ఉండాలి: ముందు ఊరు, రాష్ట్రం, దేశం, తర్వాత నెల, తేదీ, సంవత్సరం, ఆ తర్వాత ఏం జరుగుతోందో ఒక వాక్యం. స్వర్ణాల చెరువులో రొట్టెలు మార్చుకుంటున్న భక్తులు అని రాస్తే చాలు, భక్తి పారవశ్యం వర్ణించనక్కర్లేదు. ఎడిటోరియల్ ఫొటోలో తీగ చెరపడం, మనిషిని తీసేయడం కుదరదు. డ్రోను విషయంలో, ఎక్కడ ఎగరేయొచ్చో చూపే ప్రభుత్వ డిజిటల్ స్కై మ్యాపు చూడకుండా లేపకూడదు. శ్రీహరికోట పరిసరాల్లో, కృష్ణపట్నం ఓడరేవు దగ్గర సరదా అసలే వద్దు.

వెనక్కి వచ్చేవి

తిరస్కారాల్లో పెద్ద వాటా మూడింటిది. ఒకటి, ఒకేలాంటివి: ఒకే పడవను నలభై ఫ్రేములు తీసి నలభై పెడితే ముప్ఫై ఆరు తిరిగొస్తాయి. దూరం, ఎత్తు, నిలువు అడ్డం మార్చి నాలుగు ఎంచుకోవాలి. రెండు, శుభ్రత: సెన్సరు మీద దుమ్ము అపెర్చరు 16 దగ్గర ఆకాశంలో ఈగలా తేలుతుంది, మధ్యాహ్నం ఉప్పుగాలి మసకను ఎడిటింగ్ స్లైడరుతో లాగితే గరుకు లేస్తుంది. మూడు, ఫోను ఫొటోలు. 12 మెగాపిక్సెళ్ల ఫోను కొలతలకు సరిపోతుంది, 4 మెగాపిక్సెళ్లే కనీసం. కానీ డిజిటల్ జూమ్, పోర్ట్రెయిట్ మోడ్ వాడినవి పెద్దవి చేసి చూస్తే జుట్టు అంచులు అలికినట్టుంటాయి. ఎండలో, మెయిన్ లెన్సుతో, జూమ్ లేకుండా తీసినవి వెళతాయి.

డబ్బు చేతికొచ్చే దారి

సైటులో పన్ను ఫారం డబ్ల్యూ-8బెన్ నింపకపోతే అమెరికాలో జరిగిన అమ్మకాలపై 30 శాతం కోత పడుతుంది. భారతీయ నివాసిగా పాన్ నంబరు ఇచ్చి, రెండు దేశాల ఒప్పందంలోని రాయల్టీ అధికరణం, 12వది, ఎంచుకుంటే 15 శాతానికి తగ్గుతుంది. పేరు పాన్ కార్డు మీద ఉన్నట్టే ఉండాలి. ఇంటిపేరు ముందా వెనకా అన్న తేడాకే ఖాతాలు ఆగిపోతుంటాయి. సంతకం చేసిన ఏడాది పోను మూడో క్యాలెండర్ సంవత్సరం చివర ఆ ఫారం చెల్లిపోతుంది, మళ్లీ నింపాలి. అక్కడ కోసిన పన్నుకు ఇక్కడ రిటర్నులో మినహాయింపు అడగొచ్చు, దానికి విడిగా ఫారం ఉంది. ఆడిటరుకు ఏడాది చివర కాకుండా ముందే చెబితే నయం.

సైట్లు డబ్బు పంపే పేపాల్, పేయొనీర్ సేవలు రెండూ రూపాయలుగా మార్చేటప్పుడు బజారు రేటు కన్నా తక్కువే కడతాయి. పేపాల్‌లో వచ్చిన సొమ్ము దానంతటదే బ్యాంకుకు వెళుతుంది కాబట్టి 25 డాలర్లకోసారి తీసినా ఇబ్బంది లేదు. విడిగా చార్జీ పడే ఖాతా అయితే వంద దాటేదాకా ఆగడం మేలు. అడోబ్‌లో మొదటి అమ్మకం జరిగిన 45 రోజుల దాకా డబ్బు అడగడానికి వీల్లేదు. ఆషాఢంలో గుంట గట్టెక్కి తీసిన ఫొటోకు తొలి సొమ్ము సంక్రాంతి దాటాక వచ్చినా ఆలస్యమైనట్టు కాదు.